పాత ఎంఆర్‌ఐ మీద గీసిన గీత

మెదడు కణితికి కరెంటు పెట్టే డాక్టర్ని నేను. బోర్డు మీద రేడియేషన్ ఆంకాలజిస్టు అని ఉంటుంది గానీ మా దగ్గరికి వచ్చే జనం 'కరెంటు డాక్టరు' అనే అంటారు. మిషన్ దగ్గర నిలబడి మీటలు నొక్కడమే నా పని అనుకుంటారు చాలామంది. మిషన్ నడిపేది టెక్నాలజిస్టులు. నా పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చుని స్కాన్ బొమ్మల మీద గీతలు గీయడం. ఒక్క తలకి వందకి పైగా పొరలు ఉంటాయి. ఒక్కో పొర తెరిచి ఇది కణితి, ఇది కంటి నరం, ఇది మెదడు కాండం అని చుట్టూ గీసుకుంటూ పోవాలి. ఏ గీత లోపల ఎంత రేడియేషన్ పడాలి, ఏ గీతలోకి ఎంతకి మించి పోకూడదు అన్న లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. గీత తప్పని మిషన్‌కి తెలియదు. మిషన్ ఎంత మంచిదైతే అంత కచ్చితంగా ఆ తప్పు చోటే కొడుతుంది.

ఆ గీత నేను ఒక మనిషి తలలో తప్పుగా గీశాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి మా డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో, జూనియర్లకి పాఠం చెప్పేటప్పుడు మాత్రమే మాట్లాడాను. ఇప్పుడు బయట రాస్తున్నానంటే, ఆ తప్పుకి దారితీసిన పరిస్థితులు నా ఒక్కడివి కావు. అవే సీడీలు, అవే క్యూలు, అవే ఖర్చు భయాలు, అదే హడావుడి మన ఆస్పత్రుల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. రోగుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. జరిగిన పొరపాటుని మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ప్లాన్ ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. లేకపోతే తప్పు ఎక్కడ దొర్లిందో అర్థం కాదు.

రోగి మొదట మౌల్డ్ రూముకి వెళ్తాడు. చిల్లుల చిల్లుల ప్లాస్టిక్ రేకుని వేడినీళ్ళలో మెత్తబరిచి ముఖం మీద పరుస్తారు. కాసేపట్లో అది ముఖం ఆకారానికి గట్టిపడుతుంది. ఆ మాస్కుని మంచానికి బిగిస్తే తల కదలదు. ఆరు వారాల పాటు రోజూ తల అదే తీరులో ఉండాలంటే ఇది తప్పదు. ఆ మాస్కుతోనే పడుకోబెట్టి సీటీ స్కాన్ తీస్తాం. ప్లాన్‌కి పునాది ఈ సీటీయే. రేడియేషన్ ఎముకలోంచి వెళ్తే ఎంత తగ్గుతుంది, మెదడులోంచి వెళ్తే ఎంత తగ్గుతుంది అన్న లెక్క సీటీలోని ప్రతి చుక్కకీ ఉండే అంకెని బట్టి వస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. వాటిని హౌన్స్‌ఫీల్డ్ అంకెలంటారు. ఆ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన సీటీ యంత్రం మొట్టమొదట ఒక మహిళా రోగిని స్కాన్ చేసింది 1971 అక్టోబరు 1న, లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో. ఆమెకి ఉందేమోనని అనుమానించింది మెదడు కణితే. అంటే సీటీ పుట్టిందే మా రోగుల కోసం. అంతకుముందు మెదడు చుట్టూ ఉండే నీళ్ళు తీసి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ బాధ భరించి కూడా కణితి కనిపించేది కాదు, కణితి పక్కకి తోసిన ఖాళీలు కనిపించేవి. మెదడులోపలిని నేరుగా చూపించినందుకు 1979లో కార్మాక్ అనే శాస్త్రవేత్తతో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే సీటీలో ఎముక చక్కగా కనిపిస్తుంది గానీ, మెదడులో కణితి ఎక్కడ ఆగిందో సరిగ్గా తెలియదు. దానికి ఎంఆర్‌ఐ కావాలి. గడోలినియం మందు ఎక్కించి తీసే టీ1 బొమ్మలో, రక్తనాళాల గోడ దెబ్బతిని మందు బయటికి కారిన చోటు తెల్లగా మెరుస్తుంది. గ్లయోబ్లాస్టోమా లాంటి ఉద్ధృతమైన కణితి ముఖ్యంగా అక్కడ కనిపిస్తుంది. ఫ్లేర్ అనే ఇంకో రకం బొమ్మలో చుట్టూ ఉన్న వాపు, ఆ వాపులో కలిసిపోయి పాకిన కణాలు ఉండే ప్రాంతం తెలుస్తాయి. నెమ్మదిగా పెరిగే కొన్ని కణితులు గడోలినియంకి అసలు మెరవవు. వాటిని ఫ్లేర్‌లోనే వెతకాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్క సీటీ మీద జరగాలి, కణితి ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది. సీటీ మాస్కుతో తీసింది. ఎంఆర్‌ఐ వేరే మిషన్‌లో, చాలాసార్లు వేరే ఊళ్ళో, మాస్కు లేకుండా, తల ఇంకో వాలులో పెట్టి తీసింది. ఈ రెండిటినీ ఒకదాని మీద ఒకటి కూర్చాలి. పారదర్శకమైన కాగితం మీద గీసిన పటాన్ని ఇంకో పటం మీద పెట్టి ఊళ్ళూ ఏరులూ ఒకటిగా కలిసేదాకా జరిపినట్టు. మేం దీన్ని ఫ్యూజన్ అంటాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట నొక్కితే కొన్ని సెకన్లలో అయిపోతుంది. నేను నమ్మింది ఆ కొన్ని సెకన్ల పనిని.

ఆ రోగి కోస్తా జిల్లా రైతు, యాభైలోకి అడుగుపెట్టే వయసు. ఫిట్స్ వస్తే పరీక్షలు చేసి, కుడి కణత వైపు మెదడులో కణితి ఉందని వేరే ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా అని తేలింది. ఆపరేషన్ అయిన ఐదు వారాలకి మా దగ్గరికి వచ్చారు. ఆయన భార్య ప్లాస్టిక్ సంచీలోంచి రెండు సీడీలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఆపరేషన్‌కి ముందుది. రెండోది ఆపరేషన్ అయిన రెండో రోజున తీసింది. ప్లాన్ కోసం ఇంకో ఎంఆర్‌ఐ తీయించాలని నేను అనబోతుంటే ఆమె అంది, "మళ్ళీ స్కానా సార్? ఇప్పటికి రెండు తీశారు. చేతిలో డబ్బుల్లేవు."

మా ఆస్పత్రిలో ఎంఆర్‌ఐకి చాలా రోజుల క్యూ ఉంది. బయట తీయించాలంటే నగదు కట్టాలి. ఆలస్యం చేస్తే కణితి పెరుగుతుందన్న భయం ఒకవైపు, ఆమె ముఖం ఒకవైపు. "సరేనమ్మా, ఉన్నదానితో చేద్దాం" అన్నాను. ఆ క్షణంలో నాకది దయలాగే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే, అడగడం కష్టమైన ప్రశ్న అడగకుండా తప్పించుకున్నానని తెలుస్తోంది.

ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లోపు తీసే ఎంఆర్‌ఐకి ఒక ప్రయోజనం ఉంది. సర్జన్ ఎంత తీయగలిగాడు, ఎంత మిగిలింది అన్నది చూడటానికి తీస్తారు. ఆ తర్వాత అయితే ఆపరేషన్ గాయం కూడా గడోలినియంకి తెల్లగా మెరిసి, మిగిలిన కణితికీ గాయానికీ తేడా తెలియకుండా పోతుంది. అందుకే అంత తొందర. సర్జన్ ప్రశ్నకి అది సరైన జవాబు. నా ప్రశ్న వేరే. ఇవాళ, మాస్కులో ఉన్న ఈ తలలో, కణితి ఎక్కడుంది? ఐదు వారాల కిందటి బొమ్మ దానికి జవాబు చెప్పలేదు. ఆపరేషన్‌తో ఏర్పడిన గుంట నెలరోజుల్లో ముడుచుకుపోతుంది. పక్కకి తోసుకుపోయిన మెదడు తన చోటికి తిరిగొస్తుంది. వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ ఫ్లేర్ బొమ్మనే మార్చేస్తుంది. గ్లయోబ్లాస్టోమా అయితే ఈలోపు కొత్తచోటికి పాకొచ్చు కూడా. ఇవన్నీ పుస్తకంలో చదివినవే, పరీక్షలో రాసినవే. తెలిసి కూడా ఆ సీడీనే తెరిచాను.

ఆ ఎంఆర్‌ఐని ఐదు మిల్లీమీటర్ల మందం పొరలుగా తీశారు. మామూలుగా రిపోర్టు రాయడానికి అది చాలు. ప్లానింగ్‌కి ఒక మిల్లీమీటరు మందం పొరలు కావాలి. మందం పొరలు అడ్డంగా చూస్తే స్పష్టంగానే ఉంటాయి. పక్కనుంచి, ముందునుంచి చూస్తేనే మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తాయి. పైనుంచి కిందికి ఏది ఎక్కడ ఉందో సాఫ్ట్‌వేర్‌కి కూడా సరిగ్గా అందదు. పైగా అందులో రోగి గడ్డం పైకెత్తి ఉంది. నేను మీట నొక్కాను. మధ్య పొరలో వెంట్రికల్స్, అంటే మెదడులోని నీటి గదులు, సీటీలోని గదుల మీద చక్కగా కూర్చున్నాయి. అక్కడితో తృప్తి పడ్డాను. పక్క కోణం తెరవలేదు, ముందు కోణం తెరవలేదు. అవతల ఓపీలో జనం ఉన్నారు. "ఫ్యూజన్ ఓకేనా సార్?" అని ఫిజిసిస్ట్ అడిగితే ఓకే అన్నాను. ఆ మాట మీద నమ్మకంతో అతను మిగతా లెక్కంతా అద్భుతంగా చేశాడు. కంప్యూటర్‌లో ఆ ప్లాన్ ఎంత అందంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

చికిత్స రెండో వారంలో ఉండగా మా పీజీ విద్యార్థిని అదే కేసు తీసుకుని కంటూరింగ్, అంటే ఈ గీతలు గీయడం, నేర్చుకుంటోంది. సాయంత్రం నా గదికి వచ్చి, తప్పు తనదేమో అన్న మొహమాటంతో అడిగింది. "సార్, నాకేదో అర్థం కావడం లేదు. ఎంఆర్‌ఐలో కన్ను సీటీలోని కన్ను మీద పడటం లేదు. కాస్త పైకి ఉంది."

లేచి వెళ్ళి చూశాను. మధ్యలో అన్నీ కలిశాయి, కిందికి వచ్చేకొద్దీ విడిపోయాయి. నేను గీసిన చోట, కణత వైపు మెదడు అడుగున, తేడా ఆరేడు మిల్లీమీటర్లు. పక్క కోణంలో ఒక్కసారి చూసి ఉంటే ఎవరికైనా తెలిసేది. మర్నాడే మిషన్ ఆపించి, కొత్త ఎంఆర్‌ఐ తీయించాం. గుంట లోపలికి ముడుచుకుని ఉంది. దాని లోపలి అంచున, మెదడు కాండం వైపు, పాత బొమ్మలో లేని ఒక మెరిసే ముద్ద ఉంది.

మా పనిలో మార్జిన్ అని ఒకటి ఉంటుంది. దాని కథ చెప్పకపోతే నా తప్పు తీవ్రత తెలియదు. ఒకప్పుడు గ్లయోబ్లాస్టోమాకి మెదడంతటికీ రేడియేషన్ ఇచ్చేవారు, కణితి హద్దు ఎక్కడో తెలియదు కాబట్టి. సీటీ వచ్చాక, 1980లో హోక్‌బర్గ్, ప్రూయిట్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. కణితి తిరిగొచ్చేది చాలామందిలో మొదటి చోటికి రెండు సెంటీమీటర్ల లోపేనని వాళ్ళు చూపించారు. దాంతో మెదడంతా కాకుండా కణితికీ దాని చుట్టూ కొంత మేరకీ ఇస్తే చాలన్న ధైర్యం వచ్చింది. ఆ తర్వాత 1987లో కెల్లీ, ఆయన సహచరులు మెదడులో మెరిసే చోటు బయట, వాపు ఉన్న చోట్లనుంచి సూదితో ముక్కలు తీసి పరీక్షిస్తే అక్కడ కూడా కణితి కణాలు దొరికాయి. బొమ్మలో కనిపించే అంచు కణితి అంచు కాదని అలా రుజువైంది. అందుకే కనిపించేదాని చుట్టూ ఇంకొంత కలుపుకుని గీస్తాం. చాలాకాలం రెండు సెంటీమీటర్లు కలిపేవాళ్ళం. 2023లో యూరప్ సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని ఒకటిన్నరకి తగ్గించాయి. దాని పైన రోజూ పడుకోబెట్టడంలో వచ్చే చిన్న తేడాల కోసం ఇంకో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు.

తప్పు బయటపడిన రాత్రి నన్ను నేను సమర్థించుకోవడానికి ముందుగా పట్టుకున్నది ఈ మార్జిన్‌నే. రెండు సెంటీమీటర్లు కలిపాను కదా, ఆరేడు మిల్లీమీటర్లు పక్కకి పోతే ఏమైంది అని. ఆ సమర్థన నిలవలేదు. మార్జిన్ కంటికి కనిపించని కణాల కోసం. నా అజాగ్రత్తకి అందులో వాటా లేదు. నేను పక్కకి జరిగినంత మేరా ఆ కనిపించని కణాలకి రక్షణ పోయింది. ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే మార్జిన్ అన్ని వైపులా సమానంగా ఉండదు. మెదడు కాండం దగ్గర, కంటి నరాలు కలిసే చోటు దగ్గర మేమే దాన్ని కత్తిరిస్తాం. కణితికి 60 గ్రేలు (రేడియేషన్ మోతాదుకి కొలత) ఇస్తే కాండానికి 54 దాటనివ్వకుండా చూస్తాం. దాటితే మనిషి మింగడం, నడవడం, చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ కొత్త ముద్ద ఉన్నది సరిగ్గా నేను కాండాన్ని కాపాడాలని మార్జిన్ కోసేసిన వైపే. దానిలో కొంత భాగానికి అందవలసిన రేడియేషన్ అందలేదు. కాండం గీత కూడా అదే తప్పుడు ఫ్యూజన్ మీద గీసిందే గనక, దానికి ఎంత పడిందో మళ్ళీ లెక్క కట్టించాం. తొలి వారాలే కావడంతో హద్దులోనే ఉంది. అది నా గొప్ప కాదు, ఆ అమ్మాయి సందేహం రెండో వారంలోనే వచ్చినందువల్ల దక్కింది.

కొత్తగా గీసి, ఫిజిసిస్ట్‌తో కూర్చుని కొత్త ప్లాన్ చేశాం, అప్పటిదాకా తగ్గిన చోట సరిదిద్దాం. సాంకేతికంగా చేయగలిగిందంతా చేశాం. నేను చేసిన రెండో తప్పు ఆ తర్వాతది, మొదటిదానికంటే పెద్దది. కుటుంబానికి నిజం చెప్పలేదు. "చిన్న మార్పు చేస్తున్నామమ్మా, ఇంకా బాగా పడటానికి" అన్నాను. "మరి ఇన్నాళ్ళు పెట్టింది వేస్టా సార్?" అని ఆమె అడిగింది. "వేస్టేం కాదు" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

సిట్టింగులన్నీ పూర్తయ్యే రోజుల్లో ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. పాత స్కాన్ మీద గీశాననీ, సరిగా కూర్చిందో లేదో చూడలేదనీ, మొదటి వారాల్లో ఒక పక్కన తక్కువ పడిందనీ. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె అడిగింది, "ఆ రోజు నేను స్కాన్ వద్దన్నందుకేనా సార్?"

నా వృత్తి జీవితంలో నన్ను ఇంతగా కదిలించిన ప్రశ్న ఇంకోటి లేదు. నేను నోరు విప్పకుండా గడిపిన ఆ వారాల్లో, నిజం బయటికి రాగానే ఆ నేరం తన మీద వేసుకోవడానికి ఆమె సిద్ధంగా ఉందని నాకు తెలియదు. "కాదమ్మా. డబ్బుల్లేవని చెప్పడం మీ తప్పు కాదు. అయినా తీయించి తీరాలని చెప్పడం నా పని. నేను చెప్పలేదు" అన్నాను. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో ఈనాటికీ తెలియదు.

ఏడాది తిరగకుండా ఆయనకి కణితి మళ్ళీ వచ్చింది, ఆ లోపలి వైపునే. నా తప్పు వల్లేనా? చెప్పలేను. ఏ తప్పూ జరగని రోగుల్లో కూడా గ్లయోబ్లాస్టోమా ఎక్కువగా మొదటి చోటే తిరిగొస్తుంది. 2005లో వచ్చిన స్టుప్ పరిశోధన మా చికిత్సకి ఇప్పటికీ ఆధారం. రేడియేషన్‌కి టెమొజోలమైడ్ మందు కలిపితే మీడియన్ (మధ్యగత) ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకి పెరిగిందని, రెండేళ్ళు బతికినవాళ్ళు నూటికి పదిమంది నుంచి ఇరవై ఆరుకి పెరిగారని అందులో తేలింది. అంత కష్టపడి సంపాదించుకున్నది రెండున్నర నెలలు. ఆ రెండున్నర నెలలు కూడా గీత సరైన చోట ఉన్నవాళ్ళకే దక్కుతాయి. ఆయన విషయంలో తెలియకపోవడమే నాకు మిగిలింది, దాన్ని తేలిక చేసుకునే హక్కు నాకు లేదు.

ఇంకో తప్పు గీతకి సంబంధించింది కాదు, బొమ్మ చదవడానికి సంబంధించింది. క్లుప్తంగా చెబుతాను. ఒక యువతికి చికిత్స బాగా జరిగింది. అయిన నెలన్నరకి ఎంఆర్‌ఐ తీస్తే తెల్లటి మచ్చ ముందుకంటే పెద్దదైంది, చుట్టూ వాపు పెరిగింది. మనిషి మాత్రం బాగానే ఉంది, నడుస్తోంది, మాట్లాడుతోంది. నేను మనిషిని కాకుండా బొమ్మని చూసి, తండ్రిని పక్కకి పిలిచి జబ్బు తిరిగొచ్చిందని చెప్పేశాను. వాళ్ళు టెమొజోలమైడ్ మానేసి ఇంటికి తీసుకెళ్ళిపోయారు. చుట్టాలంతా వచ్చి చివరిచూపులా చూసి వెళ్ళారట. కొన్ని నెలల తర్వాత జ్వరమని ఆమె మళ్ళీ వస్తే స్కాన్ తీయించాను. మచ్చ సగానికి తగ్గి ఉంది.

దాన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. రేడియేషన్, మందు కలిసి కణితిని దెబ్బతీసినప్పుడు అక్కడి రక్తనాళాలు కారి, కణితి పెరిగినట్టే మెరుస్తుంది. ఎంజీఎంటీ జన్యువు మిథైలేట్ అయి ఉన్నవాళ్ళలో, అంటే మందు బాగా పనిచేసేవాళ్ళలో, ఇది మరీ ఎక్కువ. చికిత్స ఫలితాన్ని అంచనా వేయడానికి 2010లో వచ్చిన రానో ప్రమాణాలు స్పష్టంగా చెప్పాయి: చికిత్స ముగిసిన మొదటి 12 వారాల్లో మచ్చ పెరిగిందని జబ్బు పెరిగినట్టు తేల్చకూడదు, కొత్త మెరుపు రేడియేషన్ పడిన ప్రాంతం బయట ఉంటేనో, బయాప్సీలో రుజువైతేనో తప్ప. అప్పటికి ఆ ప్రమాణాలు వచ్చాయి. నేను చదివాను కూడా. ఆ ప్లాన్‌లో రేడియేషన్ ఎంతమేర పడిందో తెరిచి, మచ్చ దాని లోపలుందా బయటుందా చూడటం నాకు పది నిమిషాల పని. చూడలేదు. పర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ తీయిస్తే అక్కడ రక్తప్రసరణ ఎంతుందో కొంత తెలిసేది. గ్లూకోజు లాంటి మందు ఎక్కించి తీసే మామూలు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ ఇక్కడ పెద్దగా సాయపడదు, ఆరోగ్యంగా ఉన్న మెదడే గ్లూకోజుని విపరీతంగా తాగేస్తుంది కనక. ఏదీ లేకపోయినా రెండు నెలలు ఆగి మళ్ళీ తీయించి ఉంటే చాలు. ఆ ఇంట్లో నెలల తరబడి సాగిన దుఃఖం, ఆగిపోయిన మందు, రెండూ నా తొందర ఫలితాలు.

ఈ రెండు కేసుల్లోనూ బొమ్మలో తప్పు లేదు. రెండో రోజు ఎంఆర్‌ఐ తాను చూపాల్సింది చూపింది. నెలన్నర ఎంఆర్‌ఐ కూడా అంతే. వాటిని ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు, తల ఎలా పెట్టి తీశారు అన్నవి పక్కన పెట్టి, నాకు కావలసిన జవాబు వాటినుంచి లాక్కున్నాను.

ఇప్పుడు మా దగ్గర రెండు వారాలకి మించిన ఎంఆర్‌ఐ మీద ఎవరం గీయం. ఫ్యూజన్ అయ్యాక కళ్ళు, నీటి గదులు, కపాలం అడుగు మూడు కోణాల్లోనూ కలిశాయని డాక్టరు, ఫిజిసిస్ట్ ఇద్దరూ చూసి సంతకం పెట్టాలి. ఒకరి గీతని ఇంకొకరు చూడకుండా మిషన్‌కి పంపం. జూనియర్లు సందేహం అడిగితే ఓపీ ఆపి అయినా లేచి వెళ్తాను. చికిత్స మధ్యలో అనుమానం వస్తే మళ్ళీ స్కాన్ తీయడానికి ఇప్పుడు నేను వెనకాడను. తప్పు జరిగితే ఆ వారంలోనే కుటుంబానికి చెబుతాం. ఇది అన్నిటికంటే కష్టం. చెప్పిన ప్రతిసారీ గొంతు పెగలదు. అయినా చెబుతాం.

యువ డాక్టర్లకి ఒక్కటే మనవి. ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్లు నేను నేర్చుకున్నప్పటికంటే ఎంతో మెరుగయ్యాయి, ఇప్పుడు గీతలు కూడా కంప్యూటరే గీసి ఇస్తోంది. చాలావరకు బాగానే గీస్తుంది. సంతకం మాత్రం మీదే. పక్క కోణం తెరిచి చూడండి.

రోగుల కుటుంబాలకి కూడా కొన్ని మాటలు. స్కాన్ సెంటర్లో ఇచ్చే ఫిల్ములు మాకు పెద్దగా ఉపయోగపడవు, సీడీ అడిగి తీసుకోండి. దాని మీద తేదీ, ఆపరేషన్‌కి ముందో తర్వాతో రాసి దాచండి. కరెంటు మొదలుపెట్టే ముందు, ప్లాన్ ఏ తేదీ ఎంఆర్‌ఐ మీద చేశారని మీ డాక్టర్ని అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ళు తక్కువ, నొచ్చుకున్నా ఫరవాలేదు. చికిత్స అయ్యాక తీసిన మొదటి స్కాన్‌లో మచ్చ పెరిగిందంటే, ఇది నిజంగా పెరగడమేనా, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూద్దామా అని అడగండి. మనిషి కులాసాగా ఉంటే ఆ ప్రశ్న మరీ ముఖ్యం.

డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాట దాచకండి, సిగ్గుపడకండి. ప్లానింగ్‌కి మామూలు ఎంఆర్‌ఐలో తీసే బొమ్మలన్నీ అక్కర్లేదు. పలచని పొరలతో గడోలినియం ఇచ్చి తీసిన టీ1, దానితోపాటు ఒక ఫ్లేర్ ఉంటే మాకు చాలావరకు సరిపోతుంది. అంతమేరకే తీయమని డాక్టరు చీటీ రాసిస్తే సమయమూ ఖర్చూ తగ్గించమని స్కాన్ సెంటర్‌ని అడగొచ్చు. ఆ చీటీ రాయించుకోండి. స్కాన్ మాత్రం మానకండి.